సవరణ: మార్సియానో ఆడినవి 12 రౌండ్లు కాదు, 15

పాత హెవీవెయిట్ ఛాంపియన్లను ఇప్పటివాళ్లతో పోలుస్తూ మొన్న పెట్టిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. రాకీ మార్సియానో టైటిల్ పోటీలు కూడా ఇప్పటిలాగే 12 రౌండ్లవని రాశాను. కాదు, అప్పట్లో 15. 1982లో అమెరికా బాక్సర్ మాన్సినీతో పోటీలో తగిలిన దెబ్బలకు కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ చనిపోయాక, ప్రపంచ టైటిళ్లిచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) 12కి తగ్గించింది. మిగతా సంస్థలు తర్వాత అదే దారి పట్టాయి.

మూడు రౌండ్లే కదా అని కొట్టిపారేయడానికి లేదు. 1952 సెప్టెంబరులో అప్పటి ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్ చేతిలో మార్సియానో మొదటి రౌండులోనే కిందపడ్డాడు. 12 రౌండ్లు ముగిసేసరికి జడ్జీల స్కోరు కార్డులన్నిటిలోనూ వెనకే ఉన్నాడు. 13వ రౌండులో తాళ్ల దగ్గర ఒకే ఒక్క కుడిచేతి పంచ్. వాల్కాట్ మోకాళ్ల మీదకు జారి, ఎడమ చెయ్యి తాడుకు తగులుకుని అలాగే ఉండిపోయాడు. నేటి రూల్స్ అయితే ఆ రాత్రి బెల్టు చేతులు మారేది కాదు, మార్సియానోకి ఒక్క ఓటమీ లేని 49-0 రికార్డూ మిగిలేది కాదు. నా పోలికలో సగం వాదన ఇక్కడే కూలింది, ఒప్పుకుంటున్నా.

ఇంకోటి, ఆయన్ని భారీకాయుడు అన్నాను. బరువు 84 కిలోల చుట్టుపక్కలే, ఇప్పుడైతే హెవీవెయిట్ కింద ఉండే క్రూజర్‌వెయిట్‌లో ఆడాల్సినవాడు.

మరో పాత హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్ 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడన్న లెక్క మాత్రం సరైనదే. దాన్ని మార్చట్లేదు.