ఏడు సెకన్ల మహాపురుషులు

పని వస్తే చాలు, ఉద్యోగం అదే వస్తుందని నమ్మే అమాయకులు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నారు. వాళ్ల మేలు కోరి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పని రావడం వేరు, పనొచ్చని నమ్మించడం వేరు. జీతమిచ్చేది రెండోదానికి. మొదటిదాన్ని వట్టి పనితనం అంటారు, రెండోదాన్ని వ్యక్తిగత బ్రాండ్ అంటారు.

ఈ జ్ఞానం లోకానికి 1997లో ప్రాప్తించింది. ఆ ఏడాది ఆగస్టులో టామ్ పీటర్స్ అనే మేనేజ్‌మెంట్ గురువు ‘ఫాస్ట్ కంపెనీ’ పత్రికలో వ్యాసం రాసి, మనలో ప్రతి ఒక్కరూ ‘నేను’ అనే కంపెనీకి సీఈఓలేనని ప్రకటించారు. అంతవరకూ సబ్బులకూ బూట్లకూ మాత్రమే ఉన్న యోగం ఆ రోజుతో మనుషులకూ పట్టింది. ఆనాటి నుంచి ఈ సీఈఓలందరూ ఒక పూట సెలవు కోసం మేనేజరు గది బయట నిలబడే ఉన్నారు. అయితేనేం, హోదా హోదాయే. 2003లో ఉద్యోగస్తుల సోషల్ మీడియా లింక్డ్‌ఇన్ వచ్చాక అందరికీ ఒకే కొలువుకూటం కూడా దొరికింది. అక్కడ ఎవరూ ఉద్యోగం మారరు, ‘కొత్త ప్రస్థానానికి శ్రీకారం చుడుతున్నందుకు పులకించిపోతారు’. ఎవరి ఉద్యోగమూ ఊడదు, ‘కొత్త అవకాశాలను స్వాగతిస్తారు’.

బ్రాండ్‌కు పునాది రెజ్యూమే. దాన్ని ఎలా రాయాలో తెలియాలంటే ముందు ఎవరు చదువుతారో తెలియాలి. ఎవరూ చదవరు. ‘ల్యాడర్స్’ అనే ఉద్యోగాల వెబ్‌సైటు రిక్రూటర్ల చూపు కాగితం మీద ఎక్కడెక్కడ ఆగుతోందో పరికరాలు పెట్టి కొలిచింది. మొదటి వడపోతలో ఒక్కో రెజ్యూమేకు దక్కేది ఆరు సెకన్లని 2012లో తేల్చింది. 2018లో మళ్లీ కొలిస్తే 7.4 సెకన్లు వచ్చింది. అంటే ఆరేళ్లలో సాటి మనిషి మీద శ్రద్ధ ఒక సెకనుకు పైగా పెరిగిందన్నమాట. లోకం పాడైపోతోందని గోల పెట్టేవాళ్లు ఈ సంగతి గమనించాలి. ఇరవై ఏళ్ల సర్వీసున్నవాడికి ఏడాదికి మూడో వంతు సెకను చొప్పున వస్తుంది. రాత్రింబవళ్లు కష్టపడిన ఏడాదికీ అంతే, కుర్చీలో కునుకు తీసిన ఏడాదికీ అంతే. ఇంతకు మించిన సమానత్వం మరెక్కడుంది?

ఆ ఏడు సెకన్లు కూడా ఊరికే రావు. ముందు ఏటీఎస్ అనే ద్వారపాలకుణ్ణి దాటాలి. వచ్చిన దరఖాస్తులను నమిలి పేరు, చదువు, కంపెనీ, ఏళ్లు అంటూ గళ్లలో సర్దే సాఫ్ట్‌వేర్ అది. మీరేమో చూడముచ్చటగా ఉండాలని రెండు కాలమ్‌ల డిజైన్ ఎంచుకుని, ఎడమవైపు చదువులు, కుడివైపు అభిరుచులు పేర్చుతారు. కొన్ని ఏటీఎస్‌లకు కాలమ్‌లు తెలియవు, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అడ్డంగా చదువుకుంటూ పోతాయి. దాంతో మీరు ‘కామర్స్‌లో డిగ్రీ ఈత, ప్రథమ శ్రేణిలో ఫొటోగ్రఫీ’ చేసినవారవుతారు. ఫోన్ నంబరు పేజీ పైన హెడర్‌లో పెట్టారా, కొన్నింటికి అది కనబడనే కనబడదు. ఇక ఎక్సెల్‌కు అయిదింట నాలుగు చుక్కలు, నాయకత్వానికి అయిదింట అయిదు అని రంగులేసి పెట్టుకుంటారే, ఆ చుక్కలు దానికి వట్టి చుక్కలే. (నాయకత్వానికి మార్కులు వేసిందెవరని అడక్కండి. తనకు తాను అయిదుకు అయిదు వేసుకోగలగడమే నాయకత్వం.)

అతి తెలివిగలవాళ్లు కొందరు ఉద్యోగ ప్రకటనలోని మాటలన్నీ తెచ్చి, తెల్ల కాగితం మీద తెల్లక్షరాలతో అతికిస్తారు. మనిషికి కనబడకుండా యంత్రానికి మాత్రమే కనబడాలని ఎత్తు. యంత్రం శ్రద్ధగా చదువుతుంది. చదివి, రంగులన్నీ తీసేసి, నల్లటి అక్షరాల్లో రిక్రూటరు ముందు పరుస్తుంది.

సరే, యంత్రం సంగతి అలా ఉంచి విషయంలోకి వద్దాం. మా బావమరిది ఒక గోదాములో స్టాక్ లెక్కలు చూస్తాడు. ఏ అరలో ఏ పెట్టె ఉందో, అందులో ఎన్ని మిగిలాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అలాంటివాడికి ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఒక్క పిలుపూ రాలేదు. ఎందుకు వస్తుంది? రెజ్యూమేలో ‘స్టాక్ లెక్కలు చూస్తాను’ అని రాసుకున్నాడు. కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెట్టాను.

“చూడటమేమిట్రా? చూడమంటే ఎవరైనా చూస్తారు. ‘సరఫరా వ్యవస్థలో సమగ్ర పారదర్శకతకు నాయకత్వం వహించాను’ అని రాయి.”

“నా కింద ఎవరూ లేరు కదా బావా, ఎవరికి నాయకత్వం?”

“పారదర్శకతకు.”

వాడు రాసుకున్నాడు. తర్వాత అంకెల దగ్గరికొచ్చాం. అంకె లేని వాక్యం బ్రాండింగ్ శాస్త్రంలో చెల్లదు.

“నువ్వు చేరాక అక్కడ ఏమైనా తగ్గిందా?”

“లెక్కల్లో తప్పులు తగ్గాయి. నెలకు రెండు వచ్చేవి, ఇప్పుడొకటే.”

“యాభై శాతం!”

“నావల్ల కాదులే బావా. ఆ రెండో తప్పు చేసే ఆయన రిటైరయ్యాడు.”

“‘సిబ్బంది మార్పులను సద్వినియోగం చేసుకుంటూ లోపాలను 50 శాతం తగ్గించాను.’ ఇందులో అబద్ధమెక్కడుందో చూపించు.”

వాడు చాలాసేపు వెతికాడు. దొరకలేదు.

ఈ సందర్భంగా యువతకు ఒక హెచ్చరిక. అబద్ధాలు రాయకూడదు. నీతి మాట అలా ఉంచండి, దొరికిపోతారు. జార్జ్ ఓలియరీ అనే ఆయన 2001 డిసెంబరులో నోటర్ డామ్ విశ్వవిద్యాలయానికి ఫుట్‌బాల్ కోచ్‌గా నియమితుడై, తన వివరాల్లో లేని మాస్టర్స్ డిగ్రీ ఉన్నట్టు బయటపడి, అయిదు రోజులకే రాజీనామా చేశాడు. 2012లో యాహూ సీఈఓ స్కాట్ థాంప్సన్‌కు అధికారిక వివరాల్లో అకౌంటింగ్‌తోపాటు కంప్యూటర్ సైన్స్ డిగ్రీ కూడా ఉండేది. నిజానికి ఉన్నది అకౌంటింగే. ఆయనా పదవి వదులుకున్నాడు. వీళ్లు చేసిన పొరపాటు ఒక్కటే, డిగ్రీ జోలికి పోవడం. డిగ్రీ అనేది ఎవరైనా ఫోన్ చేసి కనుక్కోగల వస్తువు. సమగ్ర పారదర్శకతకు ఫోన్ నంబరు లేదు.

రెజ్యూమేలో తలమానికం, పైన రాసుకునే ప్రొఫెషనల్ సమ్మరీ. మీరు అద్వితీయులు, మీవంటివారు మరొకరు లేరు. ఆ సంగతి అక్కడ చెప్పాలి. ‘ఫలితాలే లక్ష్యంగా, సవాళ్లను ఇష్టంగా స్వీకరిస్తూ, బృందంతోనూ స్వతంత్రంగానూ పనిచేయగల ఉత్సాహవంతుణ్ణి.’ ఒక ఉద్యోగానికి మూడు వందల మంది పోటీ పడితే మూడు వందల మందీ అక్షరం పొల్లుపోకుండా ఇలాగే అద్వితీయులు. మరి సవాళ్లంటే చిరాకు పడేవాడు, పదిమందిలో కూర్చోబెడితే నోరు మెదపనివాడు, ఒంటరిగా వదిలేస్తే సాయంత్రానికి పని ముగించి ఇంటికెళ్లిపోయేవాడు ఈ భూమ్మీద లేడా? ఉన్నాడు. మీ ఆఫీసులో సగం పని వాడే చేస్తున్నాడు. వాడి రెజ్యూమేలోనూ ఈ మూడు ముక్కలే ఉంటాయి, వాడు మాత్రం ఉండడు.

ఇదంతా మొన్నమొన్నటి పిచ్చి అనుకునేవాళ్లు లియొనార్డో డావిన్చీని చూడాలి. 1482 ప్రాంతంలో, ముప్ఫై ఏళ్ల వయసులో, మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జా దగ్గర కొలువు కోసం ఆయన ఒక ఉత్తరం తయారుచేసుకున్నాడు. పాయింట్ల వారీగా ఉంటుంది. మోసుకుపోగల తేలికపాటి వంతెనలు కట్టగలను, కందకాల్లో నీళ్లు తోడించగలను, చప్పుడు కాకుండా సొరంగాలు తవ్వించగలను, ఫిరంగులు, కప్పున్న యుద్ధశకటాలు, నౌకలు... అప్పటికి ఎన్ని యుద్ధాల్లో పనిచేశావని అడిగితే ఆయనకు ఇబ్బందే. స్ఫోర్జాకు శత్రువులున్నారు, కాబట్టి లియొనార్డోకు ఫిరంగులొచ్చాయి. ఉద్యోగాన్ని బట్టి రెజ్యూమే మార్చుకోమని నిపుణులు చెప్పేది ఇదే. పదో పాయింటు దగ్గర శాంతికాలం గుర్తొచ్చి భవనాల మాట, కాలువల మాట ఎత్తి, ఆ చివర్న, బొమ్మలు చెక్కుతాననీ చిత్రాలు వేయడంలో ఎవరికీ తీసిపోననీ కలిపాడు. మనకు దొరికిన ఆ ముసాయిదాలో చేతిరాత కూడా ఆయనది కాదంటారు. రెజ్యూమే ఇంకొకరి చేత రాయించుకోవడమూ మనతో మొదలైంది కాదు.

అన్నట్టు, ప్రభువుగారి తండ్రి జ్ఞాపకార్థం కంచు గుర్రం చేసిపెడతానని కూడా అందులో మాటిచ్చాడు. మట్టి నమూనా దాకా వచ్చింది. పోత పోయడానికి ఉంచిన కంచు 1494లో ఫిరంగులకు పోయింది, 1499లో మిలాన్ పట్టుకున్న ఫ్రెంచి విలుకాండ్రు ఆ నమూనాను గురిపెట్టి బాణాలు వేసుకున్నారు. ఇవాళ ఆ కొలువు పేరెత్తితే లోకానికి గుర్తొచ్చేది ఒక మఠం భోజనశాల గోడ మీద ఆయన వేసిన ‘లాస్ట్ సప్పర్’ బొమ్మ. రెజ్యూమేలో ఎక్కడో అడుగున ఉన్న ఐటమ్ అది.

దీనికి పూర్తిగా తలకిందుల ఉదాహరణ కూడా ఉంది. 1973లో స్టీవ్ జాబ్స్ చేత్తో నింపిన ఒక ఉద్యోగ దరఖాస్తు తర్వాత్తర్వాత వేలానికి వచ్చింది. ఫోన్: లేదు. రాకపోకల సదుపాయం: కుదరొచ్చు గానీ అనుమానమే. హ్యూలెట్ ప్యాకార్డ్ పేరు రాయబోయి స్పెల్లింగ్ తప్పాడు. ఇంత నిజాయతీని ఏ ఏటీఎస్ భరిస్తుంది?

రెజ్యూమేలో అన్నిటికన్నా పెద్ద నేరం గ్యాప్. నాకు తెలిసిన ఒకావిడ, తల్లికి పక్షవాతం వస్తే ఉద్యోగం మానేసి ఏడాదిన్నర దగ్గరుండి చూసుకుంది. మందుల వేళలు కాగితం మీద గీసి గోడకు అంటించింది. వ్యాయామాలు తను నేర్చుకుని అమ్మ చేత చేయించింది. బిల్లుల కోసం బీమావాళ్లతో తగువులాడింది. ఒళ్లు పుండ్లు పడకుండా రాత్రిళ్లు గంటగంటకూ లేచి పక్కకు తిప్పింది. జన్మలో అంత పని ఎప్పుడూ చేయలేదట. రెజ్యూమేలో ఆ ఏడాదిన్నర ఖాళీ. 2022లో లింక్డ్‌ఇన్ ‘కెరీర్ బ్రేక్’ చూపించుకునే వీలు కల్పించింది గనుక ఇప్పుడా ఖాళీకి ఒక గడి దొరికింది. ఆ గడిలో ఏం రాయమంటారని అడిగింది. ‘బహుముఖ సమన్వయం, నిరంతర కార్యకలాపాల నిర్వహణ’ అని రాయమన్నాను. ‘అమ్మను చూసుకున్నాను’ అని రాసి ఊరుకుంది. బ్రాండింగ్ తెలియని మనిషి. ఇంటర్వ్యూలో, ఆ కాలంలో మీరేమీ చేయలేదా అని మళ్లీ అడిగారట.

ఇప్పుడు రాసే శ్రమ కూడా తప్పింది. ప్రకటన తీసుకెళ్లి ఏఐకి ఇస్తే దానికి సరిపడా రెజ్యూమే అదే వండి వారుస్తుంది. అవతల కంపెనీవారి ఏఐ దాన్ని చదివి మార్కులు వేస్తుంది. ఇవతలిది గోరంతను కొండంత చేస్తే, అవతలిది కొండంతను మళ్లీ గోరంత చేస్తుంది. రెంటి మధ్యా ఏ పొరపొచ్చాలూ లేవు. మనిషికి మిగిలిన పనల్లా, రెజ్యూమే అప్‌లోడ్ చేశాక అందులో ఉన్నవన్నీ కింది గళ్లలో మళ్లీ మొదట్నుంచీ టైపు చేయడం. ఇక జవాబివ్వడానికి వీల్లేని ఐడీ నుంచి మెయిల్ వస్తుంది. ‘మీ ప్రొఫైల్ మమ్మల్ని ఎంతగానో ఆకట్టుకుంది. అయితే...’ అక్కడితో ఆపేయొచ్చు. ఏడు సెకన్లు కూడా పట్టదు.

మా బావమరిదికి మాత్రం ఉద్యోగం వచ్చింది. సమగ్ర పారదర్శకత అంటే ఏమిటని ఇంటర్వ్యూలో అడిగితే, నేను బట్టీ పట్టించిన జవాబు తీరా సమయానికి మరిచిపోయి, “ఏ అరలో ఏముందో తెలిసుండటమే సార్” అనేశాడట. అవతలాయన ఒక క్షణం చూసి, ఎప్పుడు చేరతావని అడిగాడట. ఇంత కష్టపడి నేర్పితే వాడు నా పరువు తీశాడు. సరఫరా పారదర్శకత విభాగంలో సీనియర్ స్పెషలిస్టు హోదా ఇచ్చి స్టాక్ లెక్కలు చూడమన్నారు. చేరిన వారానికే హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. కంపెనీ పేజీలో వేయడానికి తన గురించి మూడు వాక్యాలు సొంత మాటల్లో రాసి పంపాలట. నమూనా జతచేశారు.