మూడో తూటా సంగతి సరే, తేలిక తూటా మాటేమిటి?

ఇంగ్లండ్ తూర్పు తీరంలో వాష్ అఖాతం. జనవరి చీకట్లో అక్కడి బురదలో నడుం వాల్చి బాతుల కోసం కాచుకునే వేటగాడు ఒకడు. మార్చిలో రేప్‌సీడ్ అనే నూనెగింజల చేను గట్టున వల చాటున కూర్చుని అడవి పావురాలను కొట్టేవాడు ఇంకొకడు. చాలాసార్లు ఈ ఇద్దరూ ఒకడే. రెంటికీ ఒకే తుపాకీ కొనాలనుకుంటాడు. ట్రిగ్గర్ నొక్కి పేల్చగానే తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ అమ్మేవాళ్లు ‘మూడున్నర అంగుళాల పొడవైన, బరువైన తూటా కూడా పేల్చుతుంది’ అని ఊరిస్తారు. నేనైతే అడగాల్సిన ప్రశ్న వేరే అంటాను: ఎంత తేలిక తూటాతో, అంటే ఎంత తక్కువ బరువు గుళ్లున్న తూటాతో, ఇది ఆగకుండా ఆడుతుంది?

సెమీ ఆటో ఉంటే వరసగా మూడో తూటా కూడా కాల్చొచ్చన్న మోజు ఒకటుంది, దాని సంగతి ముందు తేల్చేద్దాం. 1987లో ఇంగ్లండ్‌లోని హంగర్‌ఫర్డ్ అనే ఊళ్లో సామూహిక కాల్పులు జరిగాక 1988లో బ్రిటన్ చట్టాన్ని బిగించింది. మామూలు షాట్‌గన్ సర్టిఫికెట్ మీద కొనే సెమీ ఆటోలో మ్యాగజైన్‌కు, అంటే తూటాలు నింపి ఉంచే అరకు, రెండు తూటాలే పట్టాలి. పేల్చడానికి తూటా కూర్చునే ఛాంబర్లో ఒకటి, మొత్తం మూడు. మధ్యలో విరిచి తూటాలు పెట్టే డబుల్ బ్యారెల్ కన్నా ఒక్కటి ఎక్కువ, అంతే. రెండు దెబ్బలకు అందని పావురం మూడోదానికి అందేంత దగ్గర్లో ఉండటం అరుదు.

అసలు లాభం భుజానికి. పావురాలు బాగా దిగిన రోజున వందకు పైగా తూటాలు ఖర్చవుతాయి. సాయంత్రానికి డబుల్ బ్యారెల్ తన్నిన చోట కమిలిపోతుంది. గ్యాస్‌తో నడిచే సెమీ ఆటోలో ఆ తాపు మెత్తగా ఉంటుంది. పేలుడు వాయువులో కొంత గొట్టం అడుగునున్న సన్నని రంధ్రాల గుండా వెళ్లి పిస్టన్‌ను నెడుతుంది. ఖాళీ గుల్లను బయటకు తోసి, కొత్త తూటాను ఎక్కించే పని ఆ నెట్టుడే చేస్తుంది. ఇందులో చిక్కల్లా మసి. లింకన్‌షైర్‌లో మా పక్కింటాయన ఆదివారం సాయంత్రం వంటింటి బల్ల మీద పాత పేపర్ పరిచి పిస్టన్ విప్పితే, పెనానికి మాడి అంటుకున్న అట్టులా నల్లటి పొర ఉంటుంది. గోటితో గీకితే రాదు. ఇత్తడి బ్రష్ పట్టాల్సిందే.

సెమీ ఆటోలోనే ఇంకో రకమైన ఇనర్షియా తుపాకీకి ఈ బాధ లేదు. తుపాకీ వెనక్కి తన్నగానే, ఛాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్‌లోని బలమైన స్ప్రింగ్ నొక్కుకుని, తిరిగి విప్పుకుంటూ బోల్ట్‌ను వెనక్కి తోస్తుంది. లోపల మసి తక్కువ, బరువూ తక్కువ. ఉప్పునీళ్లు, బురద ఉన్న చోట ఇది వరమే. కానీ దాని కిటుకు కూడా తెలుసుకోవాలి. చప్పుడు కాకూడదని బోల్ట్‌ను చేత్తో పట్టి మెల్లగా వదిలితే, ఒక్కోసారి వెంట్రుకవాసి తేడాతో అది పూర్తిగా బిగుసుకోదు. గంట కాచుకున్నాక బాతులు నెత్తి మీదికి వస్తాయి, ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’ మనే శబ్దం. అంతే. ఆ టిక్కు విన్నవాడు జన్మలో మర్చిపోడు.

ఇక తేలిక తూటా. పెద్దబాతుకు (గూస్‌కు) 36 గ్రాముల ఉక్కు గుళ్లు, అంతకు మించీ వాడతారు. పావురానికి 28 గ్రాములు చాలు. మూడున్నర అంగుళాల బరువు తూటాకు తగ్గట్టు బిగించిన యంత్రం, 28 గ్రాముల తాపుకు, అందులోనూ చలికి నూనె చిక్కబడ్డ ఉదయాన, సగం దూరం వెళ్లి నిలబడిపోతుంది. ఖాళీ గుల్ల ద్వారంలో ఇరుక్కుంటుంది. కొత్త తుపాకీలో స్ప్రింగులు గట్టిగా ఉంటాయి కాబట్టి ఈ చిరాకు ఇంకాస్త ఎక్కువ. అందుకే నా ఓటు మూడంగుళాల ఛాంబరున్న గ్యాస్ తుపాకీకి. మూడున్నర అంగుళాల తూటా ఏడాదికి ఎన్నిసార్లు పేలుస్తాం గనక! బురదలోనే బతికేవాడు ఇనర్షియా తీసుకోవచ్చు. కొనేముందు దుకాణంలో కాదు, రేంజిలో, తాను వాడబోయే తేలిక తూటాలు ఒక డబ్బా కాల్చి చూడాలి.

మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నిషేధం కాబట్టి ఈ లెక్కలతో పనిలేదు. అక్కడ వేటాడే టీల్ జాతి చిన్న బాతునే మనం కొల్లేటిలో బైనాక్యులర్స్‌తో చూసి వస్తాం. చేలో పిట్టల్ని తోలడానికి మంచె, వడిసెల ఉన్న వాళ్లం కదా.

ఇంగ్లండ్‌లో బాతుల మీద సీసం గుళ్లు 1999 నుంచే నిషేధం. పావురాల మీద మాత్రం ఇంకా నడుస్తున్నాయి. వేటలో సీసం గుళ్లకు స్వస్తి చెబుతామని, మూడేళ్ల గడువు ఇస్తామని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. అప్పుడు పావురానికీ చాలామందికి ఉక్కే గతి. ఉక్కు సీసంకన్నా గట్టిది, తేలికది. పాతకాలపు పల్చటి, మూతి దగ్గర బాగా ఇరుకైన గొట్టాలు దాన్ని తట్టుకోలేవు. పక్కింటాయన బీరువాలో వాళ్ల నాన్న వాడిన బ్రౌనింగ్ ఆటో-5 ఉంది. 1900 ప్రాంతంలో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన, వెనక మూపురంలా ఎత్తుండే తుపాకీ అది. ఈయనది బెల్జియంలో తయారైన పాత గొట్టం, ఉక్కు గుళ్లకు వాడొద్దని తయారీదారే చెప్పిన రకం. ఏటా పావురాల రోజుల్లో రెండు మూడుసార్లు దాన్ని బయటకు తీస్తాడు. సీసం తూటాల డబ్బాలు ఇంకా ఎన్ని మిగిలాయో ఈమధ్య లెక్కపెట్టుకుంటున్నాడు.