చెప్పుల సముద్రయానం

తీరిగ్గా తిరగడానికి కూడా టైమ్‌టేబుల్ వేసే మనిషి ప్రతి స్నేహబృందంలోనూ ఒకడుంటాడు. ఆ రేవు పట్టణానికి బయల్దేరే ముందు మావాడు లైట్‌హౌస్‌కి అరగంట, జెట్టీకి గంట, "ఊరికే కూర్చోవడానికి" పావుగంట అని రాసుకొచ్చాడు. ఆటుపోట్ల వేళలు సైతం కంఠతా పట్టాడు. కాకపోతే అవి నిన్నటివి.

మూడు దాటాక జెట్టీ మెట్ల దగ్గరికి చేరాం. కాళ్ళు తడుపుకుందామని చెప్పులు విప్పుతుంటే మావాడు చెయ్యెత్తాడు.

"మూడింటికే పోటు అయిపోయింది. ఇక నీళ్ళు వెనక్కే. ఆ కింది మెట్టు మీద పెట్టేయండి."

ఆ మెట్టుకి పచ్చగా పాచి పట్టి ఉంది. రాతికి పాచి ఊరికే పట్టదు కదా అన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఒకడు మాత్రం లేసులు విప్పడానికి బద్ధకించి బూట్లతోనే ఉండిపోయాడు. నిజానికి మాలో తీరిగ్గా ఉన్నది వాడొక్కడే.

ఇంతలో రేవులో ఒక ఓడ మూడు పొట్టి కూతలు కూసింది. మావాడు "మనకి టాటా చెబుతోంది!" అని చెయ్యి ఊపాడు. ఇంజన్లు వెనక్కి తిప్పుతున్నామని ఓడలు ఇచ్చే హెచ్చరిక అది. టగ్ బోటు ఆ కొండంత ఓడని నెమ్మదిగా తిప్పుతుంటే నోరు తెరుచుకుని చూస్తూ జెట్టీ చివరిదాకా నడిచాం.

తిరిగొచ్చేసరికి ఆ మెట్టు లేదు. దాని పై మెట్టూ లేదు. మా చెప్పులు మాత్రం ఓడ కంటే చురుగ్గా ప్రయాణం చేస్తున్నాయి.

పక్కన గాలం వేసుకుని కూర్చున్న పెద్దాయన జాలిగా చూశాడు. "చంద్రుడు రోజూ కాస్త జరుగుతాడు బాబూ. పోటు కూడా రోజుకి 50 నిమిషాలు వెనకబడుతుంది. నిన్న మూడింటికి వచ్చింది ఇవాళ నాలుగు కావస్తుండగా వస్తుంది."

"నా లెక్క కరెక్టే, చంద్రుడే లేటు," అన్నాడు మావాడు.

పెద్దాయన గాలానికి ఒక చెప్పు దొరికింది. ఎడమ కాలిది. ఎవరిదో తేల్చుకునేలోపు రెండోది కనుమరుగైంది. "కావాలంటే ఆటుకి వచ్చి వెతుక్కోండి, రాత్రి పదింటికి," అన్నాడాయన.

ఎండకి కాలిన రాళ్ళ మీద చెప్పుల కొట్టుదాకా నడవగలిగింది బూట్లవాడే. అందరి సైజులూ గుర్తున్నాయని ధీమాగా వెళ్ళాడు. తెచ్చినవన్నీ వాడి సైజే.