డండీ మిల్లుల చరిత్రలో మన వాటా

స్కాట్లండ్‌లో టే నది సముద్రంలో కలిసే చోట డండీ రేవు ఉంది. 19వ శతాబ్దంలో ప్రపంచానికి గోనెగుడ్డ నేసిపెట్టిన ఊరది. చుట్టుపక్కల ఎక్కడా జనపనార పండదు. నారంతా బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చేది. ఎండిన నార యంత్రాల మీద పుటుక్కున తెగిపోతుంటే తిమింగలం నూనె, నీళ్లు కలిపి నానబెట్టి మెత్తబరిచారు. తిమింగలాల వేట ఓడలు అప్పటికే ఆ రేవులో ఉన్నాయి, అవిసెనార నేసే చేతులూ ఉన్నాయి. క్రిమియా యుద్ధం, ఆ తర్వాత అమెరికా అంతర్యుద్ధం వచ్చేసరికి ఇసుక సంచులకు గిరాకీ పెరిగి యజమానుల పంట పండింది. లోకీ పేటలో కాక్స్ సోదరుల మిల్లు ఒక్కదానిలోనే దాదాపు 5,000 మంది పనిచేసేవారు. దాని పొగగొట్టం ఇప్పటికీ నిలిచే ఉంది.

ఆ సంపదను నేసింది ఎక్కువగా ఆడవాళ్లే. మగవాళ్ల కంటే తక్కువ కూలికి దొరుకుతారని యజమానులు వాళ్లనే పెట్టుకున్నారు. మగపిల్లలను పెద్దవాళ్ల కూలి ఇవ్వాల్సిన వయసు రాగానే మాన్పించేవారు. పెళ్లాం మిల్లుకెళ్తే మొగుడు ఇంట్లో పొయ్యి చూసుకున్న సంసారాలు అక్కడ కోకొల్లలు. మగ్గాల హోరులో పక్క మనిషి మాట కూడా వినపడదు. అందుకే నేతగత్తెలు పెదాల కదలిక చూసి, చేతి సైగలతోనే కబుర్లు చెప్పుకునేవారు. చాలామందికి చెవుడు వచ్చింది. లాభాలు మాత్రం అమెరికా రైళ్లలోకి, పశువులను పెంచే పెద్ద క్షేత్రాల్లోకి పెట్టుబడిగా పోయాయి. కార్మికుల వాడల్లో ఇరుకు గదులు ఇరుకు గదులుగానే ఉండిపోయాయి. ఇది మాకు మింగుడుపడని విషయం.

1855లో కలకత్తా దగ్గర హుగ్లీ నది ఒడ్డున రిష్రాలో జూట్ మిల్లు లేచింది. యంత్రాలు డండీ నుంచే వచ్చాయి. తర్వాత వరుసగా లేచిన మిల్లులకు మేనేజర్లు, మేస్త్రీలు కూడా అక్కడి నుంచే వచ్చారు. నార దొరికే చోట, ఇంకా చవక కూలితో నడిచిన ఆ మిల్లులు శతాబ్దం చివరికల్లా డండీని దాటేశాయి. డండీలో చివరి మిల్లు 1990ల చివర్లో మూతపడింది.

అక్కడ ఒక పాత మిల్లు ఇప్పుడు మ్యూజియం. మంచి పనే. కానీ హుగ్లీ ఒడ్డు కూలీలు లేకుండా ఆ కథ సగమే. వాళ్లలో గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లిన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. హుగ్లీ ఒడ్డునే ఉన్న టీటాగఢ్ మిల్లు వాడల్లో తెలుగు ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మనకూ ఉత్తరాంధ్రలో నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లులు వచ్చాయి. చిట్టివలస మూతపడి ఏళ్లు గడిచాయి. అక్కడ పనిచేసినవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. పాత హాజరు పుస్తకాలు, కూలి చీటీలు, ఫొటోలు చెదపట్టకముందే సేకరించాలి. వాళ్ల మాటలను వాళ్ల గొంతుతోనే రికార్డు చేయాలి. ఉత్తరాంధ్ర విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఈ పనిని ఈ ఏడాదే చేపట్టాలి, ప్రభుత్వం అందుకు డబ్బు కేటాయించాలి.