జుట్టుకు నలుపు, హైకూకు తెలుపు

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజూ ఉదయం ఐదింటికి ఒక హైకూ, అంటే ఐదు, ఏడు, ఐదు అక్షరాల జపాన్ తరహా చిట్టి పద్యం, దిగుతుంది. వెనక ఫూజీ పర్వతం, ముందు మూడు ముక్కలు: "తలపై మంచు / గుండెలో వసంతాలు / ముడతే నగ." రాసేది ఒక విశ్రాంత పెద్దమనిషి. మొన్న దాని కింద ఒక ఉపదేశం కూడా తగిలించారు: "వయసును ప్రేమించడం ముఖ్యంగా మహిళలు నేర్చుకోవాలి." దానికి ముప్పై రెండు నమస్కారాలు వచ్చాయి.

ఆ తలపై మంచు ఎలా కరుగుతుందో నేను కళ్లారా చూశాను. చవితి చందా కోసం ఆదివారం వారింటికి వెళితే, కవిగారు వరండాలో చిల్లుల బనీనుతో, భుజాల చుట్టూ పాత దినపత్రికతో కొలువుతీరి ఉన్నారు. పాత పళ్ల బ్రష్షుతో మీసానికి రంగు పూస్తూ, ఎడమచేతి వేళ్ల మీద అక్షరాలు లెక్కపెడుతున్నారు. ఐదు దాకా సాఫీగా సాగింది. ఏడుకు వేళ్లు చాలక కుడిచేతిని సాయానికి పిలిచారు. దాంతోపాటు బ్రష్షూ వచ్చి చెవి నల్లబడింది. "ముడతకు మూడే కదండీ?" అన్నారు, పై పెదవి కదలకుండా. లోపలి నుంచి ఆయన భార్య, "నాకూ కాస్త మిగల్చండి" అన్నారు. "ఈ వయసులో నీకెందుకు?" అన్నారు కవిగారు.

హైకూకు ఋతువు కావాలి. ఋతువు లేకుండా మనిషి తిప్పల మీద నవ్వితే అది సెన్ర్యూ. 18వ శతాబ్దంలో అలాంటి పద్యాలు ఏరి పెట్టిన కరాయ్ సెన్ర్యూ పేరే దానికి స్థిరపడింది. జపాన్ వృద్ధాశ్రమాల సంఘం 2001 నుంచి ముసలితనం మీద వాటికి పోటీ పెడుతోంది. పుట్టినరోజు కొవ్వొత్తి ఊదితే కళ్లు తిరిగాయన్నది అక్కడి సరుకు. నగల ప్రస్తావన నాకైతే కనపడలేదు. జపాన్ హైకూ గురువు బషో అయినా అంతే. 1691లో, నలభై ఏడేళ్లకు, నోరి అనే ఎండు సముద్రపు నాచు నములుతుంటే ఇసుక పంటికి తగిలింది. ఒంట్లో సత్తువ తగ్గిందని పదిహేడు మాత్రల్లో చెప్పి ఊరుకున్నాడు. లోకం ఆయన్ను 'ఒకినా', పూజ్యవృద్ధుడు, అని కొలిచింది.

మరి ఒనో నో కొమాచి? 9వ శతాబ్దపు ఆ కవయిత్రి, వాన కురవడానికీ వయసు మీరడానికీ జపనీయంలో పలికే 'ఫురు' అన్న ఒక్క మాటను పట్టుకుని, పువ్వు రంగు వెలిసిపోయిందని ముప్పై ఒక్క మాత్రల తన్కా పద్యం చెప్పింది. తన ముఖం గురించి తనే చెప్పుకుంది. అంతే, ఆమెను బిచ్చగత్తెను చేసి 'నో' అనే ముసుగు నాటకాలు కట్టారు. మగవాళ్లే కొయ్యతో ముసలి ముఖం చెక్కి, మగవాళ్లే తగిలించుకుని, శతాబ్దాల పాటు ఆడారు. పంటికి ఇసుక తగిలితే మగవాడు మహర్షి, రంగు వెలిస్తే ఆడది ముష్టిదా? ఆమె ముడతలు మీ సొత్తా, లెక్కపెట్టడానికి? ముందు మీ మీసం కడుక్కుని రండి!

ఈ మాట నేను వరండాలో అనలేదు. చందా ఇంకా చేతికి రాలేదు. ఆయన భార్య కాఫీ తెచ్చి, భర్తను ఎగాదిగా చూసి, మామూలుగానే అన్నారు: "చెవిలో రంగు తుడుచుకోండి ముందు, తర్వాత హైకూ."

నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. ఐదు, ఏడు, ఐదు.