గ్యాస్ బిళ్ల కిడ్నీని కాపాడదు

"మోకాళ్ల నొప్పులా? భయపడకుండా నొప్పి బిళ్లలు వాడండి" అని ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. చుట్టాల గ్రూపులోనూ అదే, అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ అదే. పంపినవాళ్లంతా మంచి మనసుతోనే పంపారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

గోరువెచ్చని నీళ్లతో వేసుకుంటే సైడ్ ఎఫెక్టులు ఉండవట. నీళ్ల వేడికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇంజెక్షన్ అయితే పొట్టకి ఏమీ కాదట. అవుతుంది. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు రక్తంలో కలిశాక, పొట్ట లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను తయారు కానివ్వదు. మింగినా, తుంటికి పొడిపించుకున్నా జరిగేది అదే. అన్నం తిన్నాక వేసుకుంటే మంట తగ్గొచ్చు గానీ పుండు పడదని నమ్మకం లేదు. విరేచనం తారులా నల్లగా అయితే లోపల రక్తం కారుతోందేమోనని అనుమానించి, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక అసలు ప్రమాదం ఇది: "పక్కన గ్యాస్ బిళ్ల ఉంటే ఎన్నాళ్లయినా వాడచ్చు." ఎవరి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) చూసి రాశారు ఈ మాట? పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ల కాపలా పొట్ట వరకే. కిడ్నీకి రక్తం తగ్గకుండా చూసేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే, వాటికి గ్యాస్ బిళ్ల చేయగలిగింది ఏమీ లేదు. అరవై దాటి, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బిళ్ల వేసుకునేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. దానిమీద రోజూ ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ల పడితే కిడ్నీని మూడు వైపుల నుంచీ నొక్కినట్టే. మండువేసవిలో వాంతులో విరేచనాలో పట్టుకున్నాయంటే కొద్ది రోజుల్లోనే క్రియాటినిన్ పెరగొచ్చు. నొప్పేమీ ఉండదు కాబట్టి రక్తపరీక్ష చేయిస్తే తప్ప తెలియదు.

గుండె సంగతీ అంతే. పొట్టకు మేలని పేరు తెచ్చుకున్న రోఫెకాక్సిబ్ అనే నొప్పి మందును 2004లో మార్కెట్ నుంచి తీసేసింది గుండెపోట్ల భయంతోనే. పొట్ట బాగుంటే మిగతాదంతా బాగున్నట్టే అనుకోవడం ఎంత తప్పో అప్పుడే తేలింది.

"పాత చీటీ ఉంటే డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లక్కర్లేదు" అన్నది ఇంకో ముక్క. ఆ చీటీ రాసిన తర్వాత షుగర్ వచ్చి ఉండొచ్చు, రక్తం పలచబడే మందు మొదలై ఉండొచ్చు. షాపులో నాలుగు బిళ్లలు కత్తిరించి ఇస్తారు, స్ట్రిప్ మీద పేరు సగమే మిగులుతుంది. ఇంట్లో ఇంకో కంపెనీ పేరుతో అదే మందు ఉంటుంది. రెండూ వేసుకుంటారు. పైగా కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఈ బిళ్ల నొప్పిని అణచడమే తప్ప కీలు పాడవకుండా ఆపదు. ఆ పని మెథోట్రెక్సేట్ లాంటి మందులది. నొప్పి తగ్గింది కదా అని వాటిని ఆలస్యం చేస్తే కీలు వంకరపోతుంది.

ఒక్క విషయంలో మెసేజ్‌దే ఒప్పు. "ముందు జెల్ రాసి చూడండి" అంది. అరిగిన మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ బాగానే పనిచేస్తుంది, రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. "డాక్టర్లు అడగకుండానే రాసేస్తున్నారు" అన్న ఫిర్యాదూ చాలాచోట్ల నిజమే. ఆ హడావుడి ఓపీలో మీరే నోరు తెరిచి బీపీ బిళ్ల పేరు, ఆస్పిరిన్ వాడకం, పాత అల్సర్ సంగతి చెప్పండి. ఎన్ని రోజులు వేసుకోవాలో, క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకోవాలో అడిగి చీటీ మీదే రాయించుకోండి.