మధ్యయుగానికి పొలిమేర ఏది?

1206లో కుతుబుద్దీన్ ఐబక్ ఢిల్లీ గద్దెనెక్కితే మధ్యయుగం మొదలు. 1707లో ఔరంగజేబు కన్నుమూస్తే ఆఖరు. కోచింగ్ సెంటర్లలో నూరిపోసే లెక్క ఇది. కాదు, 8వ శతాబ్దంలోనే మొదలంటుంది ఒక పుస్తకం. 1757 ప్లాసీ యుద్ధం దాకా సాగిందంటుంది ఇంకొకటి. నాలుగు ఆప్షన్లలో దేనికి టిక్కు పెట్టాలో తెలియక అభ్యర్థికి టెన్షన్.

అసలు ‘మధ్యయుగం’ అన్న మాటే ఐరోపా సరుకు. గ్రీకు, రోమన్ వైభవానికీ తమ కాలానికీ నడుమనున్న శతాబ్దాలను చులకనగా చూసిన అక్కడి పండితులు పెట్టిన పేరది. 476లో పశ్చిమ రోమన్ చక్రవర్తి రోములస్ అగస్టులస్ గద్దె దిగడాన్ని మొదలుగా చెబుతారు. ఆఖరు దగ్గర వాళ్లకే పొత్తు కుదరలేదు. కాన్‌స్టాంటినోపుల్ పడిపోయిన 1453 అని కొందరు, కొలంబస్ ఓడెక్కిన 1492 అని కొందరు. ఫ్రెంచి చరిత్రకారుడు జాక్ ల గోఫ్ అయితే 18వ శతాబ్దం దాకా లాక్కొచ్చారు.

మన దగ్గర చిక్కు ఇంకో రకం. భారతదేశంలో అడుగే పెట్టని బ్రిటిష్ రచయిత జేమ్స్ మిల్ 1817లో మన చరిత్రను హిందూ, ముస్లిం, బ్రిటిష్ అని మూడు ముక్కలు చేశాడు. తర్వాత వాటికి ప్రాచీన, మధ్య, ఆధునిక అని పేర్లొచ్చాయి. పేరు మారినా గీతలు చాలావరకు అక్కడే ఉండిపోయాయి. 1206లో ఓరుగల్లును ఏలుతున్నది కాకతీయ గణపతిదేవుడు. ఢిల్లీ సేనలు ఆ కోటను గెలిచింది 1323లో. మరి ఆ నూటపదిహేడేళ్లూ ఓరుగల్లు ఏ యుగంలో ఉన్నట్టు?

రాజుల మతాన్ని పక్కనపెట్టి భూమివైపు చూసినవారూ ఉన్నారు. చరిత్రకారుడు ఆర్.ఎస్. శర్మ అలాంటివారే. రాజు ఊళ్లను దానమిచ్చి పన్ను వదులుకోవడం, రాజుకూ రైతుకూ నడుమ కొత్త పెత్తందారు పుట్టుకురావడం ఆయనకు అసలు మలుపుగా కనిపించాయి. వేంగి చాళుక్యుల రాగిరేకులు చూస్తే ఆ మాట కళ్లకు కడుతుంది. రేకులను గుచ్చిన కడియం మీద వరాహ ముద్ర, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న అక్షరాలు. లోపల, ఫలానా ఊరిని సర్వకర పరిహారంగా, అంటే పన్నులన్నీ వదిలేసి, ఇచ్చామన్న రాజాజ్ఞ. శర్మ వాదనతో మరో చరిత్రకారుడు హర్బన్స్ ముఖియా గట్టిగానే విభేదించారు. ఐరోపా ఫ్యూడలిజం (భూస్వామ్య వ్యవస్థ) చొక్కా మనకు తొడగొద్దన్నది ఆయన వాదన సారం. అందులో నిజం లేకపోలేదు.

అయినా మా మటుకు రాజు చావు కన్నా భూమి కొలతే నయం. ఆఖరును కూడా దాంతోనే కొలవాలి మరి. అలా కొలిస్తే తెలంగాణలో లెక్క 1707 దగ్గర తేలదు, గోల్కొండ పడిన 1687 దగ్గరా తేలదు. హైదరాబాద్ రాజ్యంలో జాగీర్లు, అంటే పన్ను వసూలు హక్కుతో ఇచ్చిన భూములు, రద్దయింది 1949 ఆగస్టులో! ఇది అతి అని చరిత్ర శాఖలవారు కసురుకోవచ్చు. కసురుకోనివ్వండి. పాఠ్యపుస్తకంలో తేదీ పక్కనే అది దేన్ని కొలిచి పెట్టిన తేదీయో ఒక వాక్యం రాయమనే మేం అడుగుతున్నాం. ప్రశ్నపత్రం తయారుచేసేవారు కూడా ‘ఎప్పుడు’ అని అడిగినచోట ఒక్కసారైనా ‘ఎందుకు’ అని అడగాలి.